పెట్టెలో ఏం పెట్టాలి, ఏం తీసేయాలి

మా పెద్దమ్మాయి వచ్చే నెల పదకొండో తారీఖున ఫిలిప్పీన్స్ వెళ్తోంది. దావావ్ అనే ఊరికి. అక్కడ ఒక క్రైస్తవ మిషన్ నడిపే చిన్న ప్రసూతి కేంద్రంలో రెండేళ్లు ఉండి మిడ్‌వైఫరీ నేర్చుకుంటుంది. ఈ మాట ఇలా తిన్నగా చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇన్నాళ్లూ అడిగినవాళ్లకు "ఏదో చదువుకోనీకి పోతుంది" అని మాట మార్చేదాన్ని.

మక్తల్ లాంటి ఊళ్లో మాట మార్చడం అంత తేలిక కాదు. మొన్న సంతలో తెలిసినామె ఒకావిడ పట్టుకుంది.

"యాడికి పోతుందంట మీ బిడ్డ? దుబాయా?"

"కాదక్కా, ఫిలిప్పీన్స్."

"జీతమెంతంట?"

"జీతం లేదు. మనమే కట్టాలె."

"మనం కట్టి పోవుడేంది? ఏం పని?"

"కాన్పులు చేసేది నేర్చుకుంటది."

ఆమె బెండకాయలు ఏరడం ఆపి నా మొహం చూసింది. "కాన్పులు జేసుడు నేర్చుకునేతందుకు ఇమానమెక్కాల్నా? మీ అత్త లేదా ఇంట్ల?"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ బెండకాయలు తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను. ఆమె తప్పేం లేదు. మా అత్తమ్మ ఊళ్లో అందరికీ అలాగే తెలుసు.

అత్తమ్మకు డెబ్భై దాటాయి. బడి మొహం చూడలేదు. పాలమూరు లేబర్ అన్న మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మా జిల్లా మనుషులు మట్టి మోశారు. గుంపు మేస్త్రీ ముందుగా కొంత డబ్బు చేతిలో పెడతాడు, అది తీరేదాకా ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోవాలి. పెళ్లయిన కొత్తలోనే అత్తమ్మ, మామయ్య అలా శ్రీశైలం డ్యాము పనికి పోయారు. 1960లో మొదలైన ఆ పని ఇరవై ఏళ్లకు పైగా సాగింది. 1972లో మా ఆయన అక్కడే, కూలోళ్ల గుడిసెల్లో పుట్టాడు. బొడ్డు కోసింది పక్క గుడిసె ఆమె. తర్వాత ఆ ముసలామెకు చేతికింద ఉండి అత్తమ్మా పని నేర్చుకుంది. ఊరికి తిరిగొచ్చాక కూడా రాత్రీ పగలూ పిలిచేవాళ్లు. డబ్బు అడిగేది కాదు. ఇచ్చినవాళ్లు ఒక చీర, ఇంత నూనె, ఒక కోడి ఇచ్చేవాళ్లు.

మా పెద్దది అవ్వ పక్కలో పడుకుని ఈ కథలు వింటూ పెరిగింది. అడ్డం తిరిగిన బిడ్డ కథ, లాంతరు ఆరిపోయిన రాత్రి కథ, కవలల కథ. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో "ఈ వృత్తి ఎందుకు ఎంచుకున్నావు" అని అడిగితే "మా అవ్వ వల్ల" అని చెప్పిందట. ఆ మాట నాతో సంతోషంగా చెప్పుకుంది. నాకు మాత్రం గొంతులో చేప ముల్లు ఇరుక్కున్నట్టయింది. ఎందుకో తర్వాత చెప్తాను.

మీరు అనుకోవచ్చు, నర్సింగ్ చదివిన పిల్లకు మళ్లీ ఈ చదువేంటని. నేనూ అదే అడిగాను. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసినవాళ్లను కౌన్సిల్‌లో నమోదు చేసేటప్పుడు రిజిస్టర్డ్ నర్స్ అనీ, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అనీ రెండూ రాస్తారు. ఆర్ఎన్, ఆర్ఎం అని. మా అమ్మాయి ఆ కాగితం నా ముందు పెట్టి అంది, "చూడమ్మా, నేను మిడ్‌వైఫ్‌నని ఇందులో ఉంది. హైదరాబాద్‌ల రెండేండ్లు ప్రసూతి వార్డుల చేసిన. ఒక్క బిడ్డనన్న నా చేతుల మీద పట్టుకోలేదు. సెలైన్ పెట్టిన, బీపీ చూసిన, ఆపరేషన్ థియేటర్‌కు తయారుచేసిన. అంతే."

మన రాష్ట్రంలో పరిస్థితి అది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వందకు తొంభై ఏడు కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. అది మంచిదే. కానీ అందులో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేవు. ఆపరేషన్ అవసరమైన తల్లికి అది ప్రాణదానమే, అందులో మాటే లేదు. కానీ నూటికి అరవై మందికి అవసరమా అన్నది మా అమ్మాయి ప్రశ్న. ప్రభుత్వానికీ ఆ ప్రశ్న వచ్చింది. 2017లో యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి కరీంనగర్‌లో ముప్పై మంది స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది కేంద్రం కూడా అలాంటి కార్యక్రమం ప్రకటించింది. "మరి అక్కడికే పోరాదా" అన్నాను. ఆ ముప్పై మంది సర్కారు ఉద్యోగంలో ఉన్న నర్సులు. మా అమ్మాయికి సర్కారు ఉద్యోగం లేదు.

ఫిలిప్పీన్స్‌లో మిడ్‌వైఫరీ అంటే నర్సింగ్‌కు తోక కాదట, వేరే వృత్తి. వాళ్లకు 1992 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, లైసెన్సు పరీక్ష ఉంది. మామూలు కాన్పులు చేసే చిన్న చిన్న కేంద్రాలుంటాయి, లయింగ్-ఇన్ క్లినిక్ అంటారు. మిషన్ కేంద్రానికి వచ్చేది ఎక్కువగా పేద తల్లులు. విద్యార్థులు అక్కడే ఉండి, పెద్ద మిడ్‌వైఫ్ పక్కన నిలబడి, చేస్తూ నేర్చుకోవాలి. రెండేళ్ల తర్వాత ఒక ఏడాది మిషన్ ఎక్కడికి పంపితే అక్కడ పనిచేయాలి. అది మన దేశం కావచ్చు, కాకపోవచ్చు. ఆ ఒక్క షరతు నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

మా సంఘంలో పాస్టరమ్మ ఒకరోజు ఇంటికొచ్చారు. నేను ఏడుస్తానని తెలిసి వచ్చినట్టున్నారు. ప్రార్థన చేసి, టీ తాగుతూ కాథరినా షెల్లెన్‌బర్గ్ గురించి చెప్పారు. ఆమె 1870లో రష్యాలో పుట్టింది. చిన్నప్పుడే వాళ్ల కుటుంబం అమెరికాలో కాన్సస్‌కు వలసపోయింది. అక్కడ డాక్టరు చదివి, మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ తరఫున 1907లో మన హైదరాబాద్ రాజ్యానికి వచ్చింది. శంషాబాద్‌లో ఆసుపత్రి నడిపింది. పెళ్లి చేసుకోలేదు. 1945లో ఇక్కడే కన్నుమూసింది. తర్వాత 1950ల్లో ఆ వైద్య సేవ జడ్చర్లకు మారి పెద్ద ఆసుపత్రి అయింది. "ఆమె కూడా ఎవరో ఒకరి బిడ్డనే కదమ్మా" అన్నారు పాస్టరమ్మ.

నేను తల ఊపాను. లోపల మాత్రం "అయ్యో, ముప్పై ఎనిమిదేండ్లా!" అనుకున్నాను. ధైర్యం చెప్పడానికి వచ్చినామె కథతో నా భయం ఇంకా పెరిగింది! కానీ ఆ రాత్రి మళ్లీ ఆలోచిస్తే ఇంకో విషయం గుర్తొచ్చింది. మా పెద్దది పుట్టింది ఆ జడ్చర్ల ఆసుపత్రిలోనే, 2001లో. ఎక్కడో కాన్సస్‌లో ఒక తల్లి కూతురు పెట్టె సర్దుకోకపోతే ఆ ఆసుపత్రి ఉండేదో లేదో.

ఇక ఏర్పాట్ల సంగతి. పిల్లల్ని ఇలాంటి చదువులకు పంపేవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని చెప్తున్నాను. ముందు పాస్‌పోర్టు. ఆ తర్వాత పోలీసు క్లియరెన్సు. తర్వాత సర్టిఫికెట్లకు అపోస్టిల్ అనే ముద్ర వేయించాలి. ముందు రాష్ట్రంలో ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర. దీనికి హైదరాబాద్‌కు ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. 2023లో కృష్ణా దాకా కొత్త రైలు మార్గం పూర్తయ్యాక కాచిగూడ రైలు మా వైపు నుంచి పోతోంది కాబట్టి బతికాం. లేకపోతే పొద్దున్నే బస్సెక్కి, నిలబడి, మహబూబ్‌నగర్‌లో మారి పోవాల్సి వచ్చేది.

అన్నిటికన్నా ముందుగా చూసుకోవాల్సింది హెపటైటిస్-బి టీకా. రక్తంతో పని కాబట్టి తప్పదు. మూడు డోసులు. మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. అంటే ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి. మా అమ్మాయి నర్సు కాబట్టి ఎప్పుడో అయిపోయింది. తన పక్క మంచం స్నేహితురాలికి ఈ సంగతి తెలియక ఒక బ్యాచ్ ఆగిపోయింది.

దావావ్‌లో మన తెలుగు పిల్లలు చాలామంది ఎంబీబీఎస్‌కు పోయి చదువుతున్నారని తెలిశాక మా ఆయన కొంచెం కుదుటపడ్డాడు. అన్నం తినే దేశం. చలికాలం లేదు. మనకంటే టైము రెండున్నర గంటలు ముందు. మనకు పొద్దున ఆరైతే వాళ్లకు ఎనిమిదిన్నర. ఆయనది మోటార్ వైండింగ్ షాపు. ఏ దేశం పేరు చెప్పినా ముందు కరెంటు గురించే అడుగుతాడు. "220 వోల్టులే, మనలెక్కనే. కానీ ప్లగ్గు రెండు బద్ద పుల్లలు" అని కనుక్కుని, అడాప్టర్లు రెండు తెచ్చి పెట్టెలో మొదట అవే పెట్టాడు. ఏడవలేదు, ఏమీ అనలేదు. రెండు అడాప్టర్లు పెట్టాడు. మగవాళ్ల బాధ ఎటునుంచి బయటికొస్తుందో మీకు తెలుసు కదా.

డబ్బు సంగతి దాచడం ఎందుకు. చిట్టీ ఎత్తాం. నా గుండ్ల దండ అమ్మాం. అది మా చిన్నదాని పెళ్లికని ఉంచింది. చిన్నది డిగ్రీ రెండో సంవత్సరం. "నాకు పెండ్లే వద్దు, అక్కకియ్యి" అని నవ్వుతుంది. ఇప్పుడు నవ్వుతుంది, రేపు ఏమంటుందో. ఇంకో పక్క రాయచూరు నుంచి మంచి సంబంధం వచ్చింది. ఇద్దరూ టీచర్లు, ఒక్కడే కొడుకు. పిల్ల చదువు సంగతి చెప్తే "రెండేండ్లు అయితే ఆగుతం, మూడేండ్లు అంటే కష్టమే" అన్నారు. న్యాయమే. మా ఆడబిడ్డ ఫోన్‌లో గంటసేపు నన్ను దులిపింది. "ఆడపిల్లకు ఇరవై నాలుగు నిండినయి. తిరిగొచ్చేటాల్లకు ఇరవై ఏడు. ఎవరి పురుడో పోస్తది గాని దాని పురుడు ఎవరు పోస్తరు వదినా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ పైకి కనిపించే కారణాలు. అసలుది చెప్తాను.

అక్కడ మొదటి నెలలోనే తల్లుల కేసు వివరాలు రాసుకోవడం మీద పరీక్ష ఉంటుందట. రోజూ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి నోటు పుస్తకం తీసుకుని ఇంట్లో ఎవరో ఒకరిని గర్భిణిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగేది. చిన్నదాన్ని అడిగితే నవ్వి ఆగం చేసేది. ఒకరోజు వాళ్ల నాన్ననే కూర్చోబెట్టింది. ఆయన "నాకు వాంతులు అయితున్నయి డాక్టరమ్మా" అంటుంటే అత్తమ్మ కూడా పడీ పడీ నవ్వింది. మూడో రోజు నా వంతు వచ్చింది.

వయసు, రక్తం గ్రూపు, నెలసరి తారీఖు అన్నీ అడిగింది. తర్వాత, "ఇంతకుముందు ఎన్ని కాన్పులు?"

"రెండు" అన్నాను.

నాకు ఇరవై ఐదేళ్లుగా అలవాటైన జవాబు. ఎవరడిగినా ఇద్దరు ఆడపిల్లలని, రెండు కాన్పులని చెప్తాను.

వాకిట్లో నులక మంచం మీద పడుకున్న అత్తమ్మ అటు తిరిగి ఉండే అంది, "మూడు."

ఇంట్లో ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

1999లో నాకు మొదటి కాన్పు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఈ ఇంట్లోనే, ఆ లోపలి గదిలో. నొప్పులు ఒక రాత్రి మొదలయ్యాయి. అత్తమ్మే చూసుకుంది. "తొలిసూలు, ఆలస్యమైతది, ఆగు" అంది. తెల్లారింది. పొద్దు గుంకింది. "ఆగు" అంది. నేను ఆగలేనని ఏడిస్తే, ఆడది అన్నాక ఓర్చుకోవాలంది. రెండో రాత్రి మా ఆయన వినకుండా జీపు మాట్లాడుకొచ్చాడు. అప్పటికి 108 లేదు, అది 2005లో వచ్చింది. మహబూబ్‌నగర్ మాకు అరవై కిలోమీటర్ల పైనే. అప్పటి రోడ్డు తెలిసినవాళ్లకు తెలుసు. అక్కడికి చేరేసరికి బిడ్డ గుండె చప్పుడు లేదన్నారు. మగపిల్లవాడు. నేను మొహం చూడలేదు. చూపించలేదు.

ఆ తర్వాత పెద్దది కడుపులో పడ్డప్పుడు నేను ఎవరి మాటా వినలేదు. నెల ముందే జడ్చర్లలో మా పిన్ని ఇంటికి పోయి కూర్చున్నాను. చిన్నదానికీ అంతే. ఆ రెండు బాలింతతనాల్లోనూ అత్తమ్మ కాయం చేసి పంపింది, నడుముకు నూనె రాసింది, పిల్లలకు సాంబ్రాణి పొగ వేసింది. అన్నీ చేసింది. నేను అన్నీ చేయించుకున్నాను. ఆమెతో ఒక్క మాట కూడా అనలేదు. కానీ మనసులో ఆ "ఆగు" అన్న మాట అలాగే ఉండిపోయింది. నా కూతురు వచ్చి "అవ్వ వల్లే నేను మిడ్‌వైఫ్ అవుతున్నా" అన్నప్పుడు నా గొంతులో ఇరుక్కున్నది అదే.

మా అమ్మాయి కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. దానికి ఒక బాబు పోయాడని మాత్రం తెలుసు, వివరాలు తెలియవు. తర్వాత చాలా మామూలు గొంతుతో అడిగింది, "నెలలు నిండినయా అమ్మా?"

"నిండినయి."

"నొప్పులు ఎన్ని గంటలు?"

అన్నీ అడిగింది. నేను అన్నీ చెప్పాను. నేను ఆశ్చర్యపోయిందేమిటంటే, ఇరవై ఐదేళ్లలో ఆ రాత్రి గురించి నన్ను ఎవరూ వరుసగా ప్రశ్నలు అడగలేదు. అందరూ "పోనీలే, మర్చిపో" అన్నవాళ్లే. చివరికి పుస్తకంలో ఏదో రాసుకుంది. తొంగి చూశాను. జి3, పి3, ఎల్2 అని ఉంది. "ఏందిది?" అన్నాను. మూడు గర్భాలు, మూడు కాన్పులు, బతికున్నది ఇద్దరు అని అర్థమంది. నా బిడ్డ లెక్కలోకి రావడం అదే మొదటిసారి. రేషన్ కార్డులో లేడు, ఫోటోలో లేడు, ఆ పుస్తకంలో ఉన్నాడు.

అప్పుడు అత్తమ్మ లేచి కూర్చుంది. "నాకు అప్పుడు తెల్వకపాయె బిడ్డా" అంది. నాతో అందో, మనవరాలితో అందో తెలియదు. "నా చేతులతోని నలబై మందిని దించిన. అందరూ మంచిగుండిరి. కోడలిది కూడ గట్లనే అయితదనుకున్న. లోపట పోరనికి ఊపిరాడ్తలేదని నాకెట్ల తెలుస్తది? చేతులకు తెలుస్తదా?"

మా అమ్మాయి అవ్వ పక్కన కూర్చుని తన సంచిలోంచి ఒక చిన్న గొట్టం తీసింది. చిన్న బాకాలా ఉంటుంది, ఫీటోస్కోప్. కడుపు మీద పెట్టి చెవి ఆనిస్తే లోపల బిడ్డ గుండె వినపడుతుంది. నొప్పులు మొదలయ్యాక అరగంటకోసారి అలా వినాలట. దాంతోపాటు పార్టోగ్రాఫ్ అని ఒక కాగితం ఉంటుంది. గర్భద్వారం ఎంత తెరుచుకుంది, బిడ్డ తల ఎంత దిగింది, గుండె ఎలా కొట్టుకుంటోంది అన్నీ గంటల లెక్కన దాని మీద చుక్కలు పెట్టి గీత గీస్తారు. కాగితం మీద ముందే ఒక హెచ్చరిక గీత ఉంటుంది. కాన్పు సరిగా సాగుతుంటే మన గీత దానికి ఎడమ పక్కనే ఉంటుంది. కుడివైపుకు దాటిందంటే జాగ్రత్తపడాలి, పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చేయాలి. ఇంకో నాలుగు గంటల దూరంలో రెండో గీత. అక్కడిదాకా వచ్చిందంటే ఇక ఆగకూడదు.

"బిడ్డను పట్టుకునుడు నీకు వచ్చు అవ్వా. అది నీ దగ్గరనే నేర్చుకోవచ్చు. ఎప్పుడు ఆగొద్దో అది నేర్చుకునేతందుకు పోతున్న" అంది.

అత్తమ్మ ఆ గొట్టాన్ని చేతుల్లో తిప్పి తిప్పి చూసింది. తర్వాత నా వైపు చూసింది. నాకు ఏదైనా అనాలనిపించింది. ఏమీ రాలేదు. లోపలికి పోయి పాలు తోడు పెట్టి వచ్చాను. వచ్చేసరికి ఆమె ఇంకా కూర్చునే ఉంది. "చల్లగాలి తగుల్తది, లోపల పండుకో అత్తమ్మా" అన్నాను. "ఊఁ" అంది. మామూలుగా నేను చెప్తే వినదు. ఆ రోజు విని లోపలికొచ్చి పడుకుంది.

క్షమించానని నేను చెప్పలేను. అంత పెద్ద మాట నాకు సరిపోదు. కానీ ఆమె కూడా ఇన్నేళ్లు "మూడు" అని లెక్కపెట్టుకుంటూ ఉందని నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఇద్దరం ఒకరికి చెప్పకుండా ఒకరం ఒకే పిల్లవాడి కోసం ఏడ్చామన్నమాట. మర్నాడు పొద్దున్నుంచి మా అమ్మాయి ప్రయాణానికి నేను అడ్డం చెప్పడం మానేశాను. భయం పోలేదు. అడ్డం చెప్పడం మాత్రం మానేశాను.

ఇప్పుడు అత్తమ్మకు కొత్త సరదా పట్టుకుంది. మనవరాలు ఫోన్‌లో అక్కడి భాష నేర్చుకుంటుంటే పక్కన చేరి తనూ నేర్చుకుంటోంది. నీళ్లను తుబిగ్ అంటారు. నొప్పిని సకిత్ అంటారు. అక్కడ కూడా మన మంత్రసానుల్లాంటి ముసలమ్మలు ఉండేవాళ్లట, వాళ్లను హిలోట్ అంటారు. ఆ మాట విన్నప్పటి నుంచి అత్తమ్మ మోకాళ్ల నొప్పులకు "సకిత్, సకిత్" అంటూ లేస్తోంది. చిన్నది దాన్ని వీడియో తీసి చుట్టాలందరికీ పంపింది. మా ఆడబిడ్డ కూడా నవ్విందట.

మొన్న ఆదివారం పెట్టె సర్దాం. ముప్పై కిలోలు. ఇంట్లో తూకం లేదు కాబట్టి మా ఆయన కిరాణా కొట్టులో బియ్యం తూచే కాటా మీద పెట్టించుకొచ్చాడు. ముప్పై ఏడున్నర! కొట్టు దగ్గర ఉన్నవాళ్లందరూ సలహాలు ఇచ్చారట. ఇంటికి తెచ్చి అంతా మళ్లీ విప్పాం.

ఏం తీయాలి? నేను పెట్టినవే ఎక్కువ. పల్లీల పొడి, అవిసెల పొడి, ఎల్లిపాయ కారం, చింతకాయ తొక్కు, ఎండబెట్టిన కడక్ జొన్న రొట్టెలు మూడు కట్టలు. ఆ రొట్టెలు నెలల తరబడి పాడు కావు, కానీ విరిగితే పొడే మిగుల్తుంది. "అమ్మా, అది కూడా మనుషులు తినే దేశమే" అంది మా అమ్మాయి. తొక్కు సగం తీశాను. రొట్టెలు రెండు కట్టలు తీశాను. ఒక దుప్పటి తీశాను. మా ఆయన ఒక అడాప్టర్ తీయబోయి మళ్లీ పెట్టాడు.

అత్తమ్మ తన పాత నూలు చీరలు రెండు ఉడకబెట్టి, ఎండబెట్టి, చతురపు ముక్కలు చేసి మడతలు పెట్టి తెచ్చింది. పుట్టిన పిల్లల్ని చుట్టడానికి. కొత్త బట్ట గరుకుగా ఉంటుందని, పాత చీరే మెత్తగా ఉంటుందని మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. కానీ అక్కడ అన్నీ క్రిమిరహితం చేసిన బట్టలే వాడాలని, బయటివి వాడనివ్వరని మా అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. అత్తమ్మ మొహం చిన్నబోయింది. "అయితే తీసెయ్యి, బరువు" అంది.

నేను తీయలేదు. కాటా మీద మళ్లీ తూచినప్పుడు ముప్పై కిలోల రెండు వందల గ్రాములు వచ్చింది. ఆ రెండు వందల గ్రాముల కోసం చింతకాయ తొక్కు మిగతా సగం కూడా తీసేశాను. ఒక ముక్క తల కింద వేసుకుని పడుకుంటుందిలే. అవ్వ వాసన వస్తుంది.

అత్తమ్మ తను మొదటిసారి శ్రీశైలం పోయిన సంగతి చెప్పింది అప్పుడు. రెండు చీరలు, ఒక గిన్నె, ఇంత జొన్నపిండి, అన్నీ ఒక మూటలో. వాళ్లమ్మ ఊరి బయట దాకా వచ్చి నిలబడిందట. "నేను మూటతోని పోయిన. ఇది పెట్టెతోని పోతుంది. నన్ను మేస్త్రీ తీస్కపోయిండు. ఇది తానే పోతుంది" అంది. ఆ మాటలో గర్వం వినపడింది నాకు. మా ఊరినుంచి తరతరాలుగా మనుషులు కడుపు కోసం పోయారు. నేర్చుకోవడానికి పోతున్నది మా ఇంట్లో ఇదే మొదలు.

రాయచూరు వాళ్లకు ఫోన్ చేసి మూడేళ్లు పడుతుందని స్పష్టంగా చెప్పేశాను. "ఆలోచించుకుంటాం" అన్నారు. ఆలోచించుకోనీ.

పదకొండో తారీఖు రాత్రి శంషాబాద్ నుంచి సింగపూర్ మీదుగా విమానం. అందరం వెళ్తాం. అత్తమ్మ కూడా వస్తానంటోంది, మోకాళ్లు పట్టేసినా సరే. ఆమె విమానాశ్రయం ఎప్పుడూ చూడలేదు. చూడడానికి కాదనుకోండి.

మీలో ఎవరైనా పిల్లల్ని ఇంత దూరం పంపినవాళ్లుంటే మొదటి నెల ఎలా గడిపారో నాకు చెప్పండి. అక్కడ తెల్లారేసరికి ఇక్కడ ఇంకా చీకటే. నేను పొద్దున మూడున్నరకే లేవడం అలవాటు చేసుకుంటున్నాను. అది డ్యూటీ ఎక్కే ముందు ఒక్కసారి మాట్లాడొచ్చని.